తోడేలు మనిషికి కొత్త ముఖాలు

1941 డిసెంబరులో విడుదలైన ‘ది వుల్ఫ్ మ్యాన్’ సినిమాను యూనివర్సల్ సంస్థ ఈ శతాబ్దంలో రెండుసార్లు మళ్లీ తీసింది. 2010లో జో జాన్‌స్టన్, 2025లో లీ వానెల్ దర్శకత్వం వహించారు. రెండుసార్లూ పాత సినిమా అభిమానుల్లో చాలామంది పెదవి విరిచారు. మొదటి రీమేక్ పాత వేషాన్ని భక్తిగా కాపాడింది. రెండోది దాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. ఎలా తీసినా తప్పే పడతారనిపించే ఈ అభిమానులది వట్టి మొండితనం కాదు. వాళ్లకు ఏది ప్రాణమో తెలియాలంటే ముందు పాత సినిమా చూడాలి.

దాని నిడివి 70 నిమిషాలే. దర్శకుడు జార్జ్ వాగ్నర్, రచయిత కర్ట్ సియోడ్‌మాక్. వేల్స్‌లోని ఒక పల్లెలో సర్ జాన్ టాల్బట్ అనే జమీందారు ఉంటాడు. పెద్దకొడుకు చనిపోవడంతో, ఏళ్ల తరబడి అమెరికాలో గడిపిన చిన్నకొడుకు లారీ ఇల్లు చేరతాడు. ఊళ్లో పాత వస్తువుల దుకాణం నడిపే గ్వెన్‌తో మాట కలపడానికి సాకుగా ఒక చేతికర్ర కొంటాడు. దాని వెండి పిడి తోడేలు తల ఆకారంలో ఉంటుంది. ఆ రాత్రి అడవిలో ఒక అమ్మాయి మీద పడ్డ తోడేలును ఆ కర్రతోనే కొట్టి చంపుతాడు. తీరా అక్కడ దొరికింది జాతకాలు చెప్పే జిప్సీ బేలా శవం. కాటు తిన్న లారీకి ఆ శాపం అంటుకుంటుంది. చివరికి తండ్రే, ఎదురుగా ఉన్న మృగం తన కొడుకని తెలియక, అదే చేతికర్రతో కొట్టి చంపుతాడు. చచ్చిపడ్డ మృగం ముఖం కరుగుతూ కరుగుతూ కొడుకు ముఖమవుతుంది. క్లాడ్ రెయిన్స్ ఆ తండ్రి పాత్రలో పడే దిగ్భ్రమ ఈ సినిమాకు ఆయువుపట్టు.

లారీ వేషం వేసిన లాన్ చేనీ జూనియర్ ఆరడుగులు దాటిన భారీ మనిషి. మూగ సినిమాల కాలంలో రకరకాల వేషాలతో పేరుపడ్డ లాన్ చేనీ కొడుకు. అంత దిట్టమైన శరీరం మీద ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టుండే ముఖం ఉండటం ఆ పాత్రకు కలిసొచ్చింది. డ్రాకులాకు తన పనిలో ఆనందం ఉంది. లారీ మాత్రం తెల్లవారితే నిన్న రాత్రి ఎవరిని చంపానా అని వణికిపోయే మనిషి. మేకప్ చేసిన జాక్ పియర్స్ జడల బర్రె వెంట్రుకలను కొద్దికొద్దిగా ముఖానికి అంటిస్తూ గంటలకు గంటలు కష్టపడేవాడు. 1935లో వచ్చిన ‘వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్’కు పనిచేసినప్పుడు ఆయన వేషాన్ని తగ్గించుకోవలసి వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఆ ముచ్చట చేనీ ముఖం మీద తీరింది. నుదురు, చెంపలు, గడ్డం జుట్టుతో నిండినా కళ్లు మాత్రం మనిషివే. ఆ కళ్లే అభిమానులకు కొలమానమయ్యాయి.

తోడేలు మనిషి గురించి అందరూ పాత జానపద నమ్మకాలనుకునే సంగతులు చాలావరకు ప్రచారంలోకి వచ్చింది సియోడ్‌మాక్ కలం వల్లే. వెండితో చావు, కాటుతో శాపం, తర్వాత బలయ్యే మనిషి అరచేతిలో కనిపించే అయిదు కోణాల నక్షత్రం లాంటివన్నీ ఈ సినిమాతో స్థిరపడ్డాయి. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ వదిలి వచ్చిన యూదు రచయిత ఆయన. మంచివాడనుకున్న మనిషి ఒక్క రాత్రిలో మృగం కావడం, ఒంటి మీది నక్షత్రం మృత్యువుకు గుర్తు కావడం అనే విషయాల్లో ఆయన చూసిన ఐరోపా ఉందని విమర్శకులు తరచూ అంటారు. పౌర్ణమి రాత్రి మార్పు అన్న నియమం మాత్రం ఈ మొదటి సినిమాలో స్పష్టంగా లేదు. 1943లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది వుల్ఫ్ మ్యాన్’ దాన్ని ఖాయం చేసింది. కాటు తిన్నవాడు తోడేలవుతాడన్న కథ ఎంత దూరం వెళ్లిందంటే, అరుణాచల్ ప్రదేశ్ అడవుల నేపథ్యంలో 2022లో హిందీలో తీసిన ‘భేడియా’ కూడా దాని మీదే నడిచింది. అదే తెలుగులో ‘తోడేలు’ పేరుతో వచ్చింది.

అభిమానగణం అనేది మాత్రం 1941లో పుట్టలేదు. 1957లో యూనివర్సల్ పాత భయానక చిత్రాలను కట్టగట్టి అమెరికా టీవీ స్టేషన్లకు ఇచ్చారు. రాత్రి పొద్దుపోయాక ఇంట్లో కూర్చుని ఈ సినిమాలు చూసిన పిల్లలే తొలి తరం అభిమానులు. మరుసటి ఏడు ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్’ అనే పత్రిక మొదలైంది. దాని సంపాదకుడు ఫారెస్ట్ అకర్‌మన్ తెర వెనక మేకప్ పనివాళ్లకు నటులతో సమానంగా పేరు తెచ్చాడు. 1960లలో తోడేలు మనిషి బొమ్మను ముక్కలుగా కొని, ఇంట్లో అతికించి, రంగులు వేసుకునే కిట్లు వచ్చాయి. 1997లో అమెరికా తపాలా శాఖ భయానక చిత్రాల పాత్రలతో వేసిన స్టాంపుల్లో చేనీ తోడేలు మనిషి కూడా ఒకడు. ఒకటిన్నర తరం పాటు ఈ పాత్రను అభిమానులు సినిమాగా కంటే ముఖంగానే ఎక్కువ చూశారన్నమాట. తర్వాతి గొడవలకు బీజం ఇక్కడే ఉంది.

2010 సినిమా ఈ అభిమానుల చేతుల్లోంచే వచ్చింది. కథానాయకుడు బెనీసియో డెల్ టోరో చిన్నప్పటి నుంచి పాత భూతాల సినిమాలంటే పడిచచ్చే మనిషి, నిర్మాతల్లో ఒకడు కూడా. మేకప్ బాధ్యత తీసుకున్న రిక్ బేకర్ ‘ఫేమస్ మాన్‌స్టర్స్’ చదువుతూ పెరిగినవాడు. ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’కు మేకప్ విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ అందుకున్నవాడు. అతను పియర్స్ వేషాన్నే ఆధారంగా తీసుకుని, పళ్లకూ గోళ్లకూ మరింత పదును పెట్టాడు. చిరిగిన చొక్కా, రెండు కాళ్ల మీద నడక, ముఖమంతా జుట్టు చూసి, తొలి ఫోటోలు బయటికి వచ్చినప్పుడు అభిమానులు పొంగిపోయారు. కథను 1891 నాటి ఇంగ్లండ్‌కు మార్చడాన్ని కూడా ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. పొగమంచు, గుర్రబ్బండ్లు, పాడుబడ్డ భవంతి వాళ్లకు కావలసినవే.

అయితే సినిమా తయారీ అస్తవ్యస్తంగా సాగింది. చిత్రీకరణకు కొద్ది వారాల ముందు దర్శకుడు మార్క్ రోమానెక్ తప్పుకున్నాడు. హడావుడిగా జాన్‌స్టన్ వచ్చాడు. మధ్యలో మళ్లీ కొన్ని సన్నివేశాలు తీశారు, విడుదల తేదీ పదేపదే వాయిదా పడింది. డానీ ఎల్ఫ్‌మన్ సంగీతాన్ని తీసేసి పాల్ హాస్లింగర్‌తో కొత్త సంగీతం చేయించి, అది పొసగక మళ్లీ ఎల్ఫ్‌మన్ దగ్గరికే వెళ్లారు. 15 కోట్ల డాలర్ల ఖర్చు పెడితే ప్రపంచమంతటా కలిపి 14 కోట్ల దగ్గర ఆగింది. మరుసటి ఏడాది యూనివర్సల్ అధిపతి రాన్ మేయర్ తమ సంస్థ తీసిన అతి చెత్త సినిమాల్లో ఇదొకటని బహిరంగంగానే అన్నాడు. సొంత సరుకును అంగడి యజమానే అలా తిట్టిపోయడం హాలీవుడ్‌లో అరుదు.

అభిమానుల ఫిర్యాదు మాత్రం డబ్బు గురించి కాదు. మొదటిది గ్రాఫిక్స్. బేకర్ అంత పని చేశాక, మనిషి తోడేలుగా మారే ఘట్టాన్ని కంప్యూటర్‌కు అప్పగించారు. ఆ పని తన చేతికి రానందుకు బేకర్ నొచ్చుకున్నాడు. అతని శ్రమ విలువ తెలిసినవాళ్లు అతని పక్షాన నిలిచారు. సినిమాలోని గ్రాఫిక్ ఎలుగుబంటి అయితే నవ్వులపాలైంది. అదే సినిమాకు బేకర్, డేవ్ ఎల్సీ ఇద్దరికీ మేకప్ ఆస్కార్ రావడం ఈ వాదనకు బలమిచ్చింది. లండన్ ఆసుపత్రిలో వైద్యుల సభ మధ్య, కుర్చీకి కట్టేసిన రోగిగా డెల్ టోరో మారే ఘట్టం మాత్రం గ్రాఫిక్స్ ఉన్నా అందరికీ నచ్చింది. పిచ్చి కుదిర్చేస్తామని బీరాలు పోయే డాక్టర్ల ముందే మార్పు మొదలవడంలో భయం, ఎకసెక్కం రెండూ ఉన్నాయి. ఆ సినిమాలో సత్తా ఉన్న దృశ్యం అదే.

రెండో ఫిర్యాదు లోతైనది. రీమేక్‌లో తండ్రి సర్ జాన్ కూడా తోడేలు మనిషే. భార్యను, ఇంకో కొడుకును చంపింది అతనే. ఆంథనీ హాప్కిన్స్ ఆ పాత్రను తాపీగా, కొంటెగా చేశాడు. పతాక సన్నివేశంలో కాలిపోతున్న భవంతిలో తండ్రీకొడుకులు మృగాలై కలబడతారు. కొడుకును చంపేది తండ్రి కాదు, వెండి గుండుతో గ్వెన్. పాత సినిమాలో తండ్రి ఏ పాపం ఎరగడు కాబట్టే చివరి దెబ్బ గుండెకు తగులుతుంది. తండ్రి ప్రతినాయకుడయ్యాక అది పగ తీర్చుకునే కథగా మిగిలింది. వేషం అంతా పాతదే అయినా చేనీలోని దిగులు రాలేదని అభిమానులు అన్నదానికి అర్థం ఇదే. డెల్ టోరో మొదటి సన్నివేశం నుంచే దిగులుగా ఉంటాడు కాబట్టి అతని పతనం తెలియదు. చేనీ నవ్వుతూ, అమ్మాయితో పరాచికాలాడుతూ మొదలవుతాడు.

ఆ తర్వాత యూనివర్సల్ తన పాత భూతాలన్నిటినీ కలిపి వరుస సినిమాలు తీయాలనుకుంది. 2017లో ‘ది మమ్మీ’ దెబ్బతినడంతో ఆ ఆలోచన అటకెక్కింది. 2020లో లీ వానెల్ తక్కువ ఖర్చుతో తీసిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ బాగా ఆడింది. దాంతో తోడేలు మనిషిని అతనికే ఇచ్చారు.

గొడవ సినిమా విడుదలకు నెలల ముందే రాజుకుంది. 2024లో యూనివర్సల్ థీమ్ పార్కులో జరిగే హాలోవీన్ ఉత్సవంలో కొత్త తోడేలు మనిషి వేషాన్ని చూపించారు. పలచని జుట్టు, పుండ్లు పడ్డ చర్మం, మనిషి పోలిక ఎక్కువ. ఇది తోడేలు కాదు, ఎవరో రోగిష్టి ముసలివాడని అభిమానులు ఆడిపోసుకున్నారు. తెర మీద వేషం కొంత వేరుగా ఉన్నా తొలి అభిప్రాయం చెరగలేదు. వానెల్ ఉద్దేశం అసలు వేరు. అతనికి తోడేలుతనం ఒక జబ్బు. ఒరెగాన్ అడవిలోని ఒక ఇంట్లో, ఒక్క రాత్రిలో, భార్య, కూతురు చూస్తుండగా బ్లేక్ అనే తండ్రి మాట కోల్పోతాడు, మనుషుల భాష అతనికి అర్థం కాకుండా పోతుంది. కెమెరా అటు తిరిగితే భార్య మాటలు గందరగోళంగా వినిపిస్తాయి, ఇటు తిరిగితే అతను మూలిగే జంతువు. వేషం గ్రాఫిక్స్ మీద ఆధారపడలేదు. అర్యెన్ టైటెన్ చేసిన మేకప్పే. 2010లో అభిమానులు అడిగింది అదే. తీరా అది దొరికాక వాళ్లకు జుట్టు కావలసి వచ్చింది.

వెండి లేదు, పౌర్ణమి నియమం లేదు, టాల్బట్ పేరు లేదు అన్నది మరో ఆక్షేపణ. పౌర్ణమి విషయంలో 1941 సినిమాను పట్టుకుని వానెల్‌ను నిలదీయడం కుదరదు. పైగా సియోడ్‌మాక్ మొదట రాసిన కథలో మనిషి నిజంగా మారాడా, లేక అతని మనసుకు అలా తోచిందా అన్నది తేల్చలేదు. కళ్లారా చూపించాలని పట్టుబట్టింది స్టూడియో. ఆ లెక్కన మారుతున్న మనిషి లోపలి నుంచి చూపించిన వానెల్ సినిమా, పాత సినిమాకు కాకపోయినా దాని తొలిప్రతికి దగ్గర. ఇందులోనూ తండ్రి తోడేలే, బ్లేక్‌ను గాయపరిచేది అతని తండ్రే. 2010లో రేగినంత కోపం దీనికి రేగలేదు. టాల్బట్ అన్న పేరు లేనప్పుడు ఆ తండ్రి మీద ఎవరికీ హక్కు లేదు కదా!

సాధారణ ప్రేక్షకులూ సినిమాను ఆదరించలేదు. అమెరికాలో మొదటిరోజు చూసి బయటికొచ్చిన వాళ్లను అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ సర్వేలో దానికి సి మైనస్ వచ్చింది. రెండున్నర కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్త వసూళ్లు మూడున్నర కోట్ల దాకా వచ్చాయి. మొదటి సగం పట్టు తర్వాత సడలిందని, తండ్రీకూతుళ్ల అనుబంధాన్ని మాటల్లో చెప్పేశారే గానీ చూపించలేదని వచ్చిన విమర్శ న్యాయమైనదే. దానికీ జుట్టుకూ సంబంధం లేదు.

ఈ రెండో నిరాశ తర్వాత 2010 సినిమాకు విలువ పెరిగింది. థియేటర్లో ఆడింది దాదాపు 103 నిమిషాల ప్రతి. డిస్కుగా వచ్చిన దర్శకుడి ప్రతి దానికంటే పదహారు, పదిహేడు నిమిషాలు ఎక్కువ. రైల్లో మాక్స్ వాన్ సిడో ఒక వృద్ధుడిగా కనిపించి కథానాయకుడు లారెన్స్‌కు తోడేలు తల చేతికర్ర ఇచ్చే దృశ్యం అందులోనే ఉంది. ఇప్పుడు ఎవరైనా ఆ సినిమా చూడాలనుకుంటే అభిమానులు సూచించేది ఆ నిడివి ఎక్కువున్న ప్రతినే.