నాడీకణంలో ఏతాలు

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్లు గుర్తుకొస్తాయి. పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం వాటిలోనే ఉంది. మిగిలిన ఆ కొద్దిపాటి కాల్షియమే గుండె కొట్టుకోవడానికీ, కండరాలు ముడుచుకోవడానికీ, నాడులు వార్తలు పంపడానికీ కావాలి. అయితే ఇందులో ఒక చిత్రం ఉంది. కాల్షియం లోపలికి రాకపోతే నాడీకణం వార్త పంపలేదు. వచ్చిన కాల్షియం బయటికి పోకపోతే ఆ కణం బతకలేదు! ఈ చిక్కు ఎలా విడుతుందో చూద్దాం.

లోపల ఒకటి, బయట పదివేలు

నాడీకణం చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం అయాన్ల గాఢత, కణద్రవ్యంలో కంటె సుమారు 10,000 రెట్లు ఎక్కువ. ఎందుకింత తేడా? కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థంలో ఫాస్ఫేటు ఉంటుంది. కాల్షియం, ఫాస్ఫేటు హెచ్చుగా కలిస్తే కరగని లవణం ఏర్పడుతుంది. ఎముకకు గట్టిదనం వచ్చింది అలాంటి లవణం వల్లనే. కణద్రవ్యం అలా గట్టిపడితే ఇంకేముంది? అందుకే కణం కాల్షియాన్ని గడప బయటే ఉంచుతుంది.

దీనివల్ల మరో లాభం కూడా ఉంది. నిశ్శబ్దంగా ఉన్న తరగతిలో పలక జారిపడితే అందరూ తల తిప్పి చూస్తారు. అదే సంతలో అయితే ఎవరికీ వినిపించదు. లోపల కాల్షియం అతి తక్కువగా ఉండబట్టే, కొద్దిగా వచ్చి చేరినా కణం దాన్ని ఒక సంకేతంగా గుర్తించగలుగుతుంది.

నాడీ ప్రచోదనం అక్షతంతువు చివరికి చేరగానే కణత్వచంలోని కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. నీరు పల్లమెరుగు అన్నట్లు బయటి కాల్షియం లోపలికి దూకుతుంది. వెంటనే అక్కడి చిన్న తిత్తులు కణత్వచంతో కలిసిపోయి, తమలోని రసాయనాన్ని బయటికి వదులుతాయి. ఆ రసాయనం పక్క కణానికి వార్త అందిస్తుంది. కాల్షియం ప్రవేశించాక తిత్తులు తెరుచుకోవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

ఎదురు తోడే పంపులు

వార్త చేరింది. మరి లోపలికి వచ్చిన కాల్షియం సంగతి? మోటార్లు రాకముందు రైతులు పల్లంలోని నీటిని మెరకకు ఏతంతో తోడేవారు. అందుకు మనిషి చెమటోడ్చాలి. కణత్వచంలోనూ అలాంటి ఏతాలున్నాయి. అవి ప్రోటీన్లు. వాటిని కాల్షియం పంపులు అంటారు. 1966లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు హన్స్ షాట్జ్‌మన్ మనిషి ఎర్ర రక్తకణాలలో ఇలాంటి పంపు పనిచేస్తున్నట్లు కనుగొన్నాడు. నాడీకణాలలోనూ అవి ఉన్నాయని తరువాత తేలింది.

పంపు లోపలివైపు ఒక కాల్షియం అయానును పట్టుకుంటుంది. ఒక ఎ.టి.పి. అణువు విడిపోయి శక్తినిస్తుంది. ప్రోటీను ఆకారం మారి, అయాను బయటికి పోతుంది. లోపల కాల్షియం పెరిగినప్పుడు కాల్మోడ్యులిన్ అనే మరో ప్రోటీను వచ్చి పంపు వేగం పెంచుతుంది. కొంత కాల్షియాన్ని వేరే పంపులు కణంలోనే ఉన్న అంతర్జీవ ద్రవ్యజాలంలో దాచిపెడతాయి.

‘అయితే పాలు తాగడం మానేయాలా?’ అని అడుగుతారేమో! అక్కరలేదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం మట్టం పెద్దగా మారకుండా కాపాడుతుంటాయి. అసలు ప్రమాదం పంపులు చెడినా, వాటికి శక్తి అందకపోయినా వస్తుంది.

ఏతం ఆగితే

పుట్టుకతో చెవుడు ఉండి, తూలుతూ నడిచే ఒక రకం ఎలుకలున్నాయి. వాటిలో ఒక కాల్షియం పంపుకు సంబంధించిన జన్యువు దెబ్బతిన్నదని 1998లో తెలిసింది. ఒక్క రకం పంపు లోపిస్తేనే వినికిడీ, నడకలో నిలకడా పోయాయన్నమాట!

ఇక శక్తి మాట. మన బరువులో మెదడు 2 శాతమే. కాని మనం పీల్చే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే ఖర్చవుతుంది. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోతే, అక్కడ ఎ.టి.పి. తయారీ పడిపోతుంది. పంపులు ఆగిపోతాయి. కాల్షియం లోపలికి పోటెత్తుతుంది. ప్రోటీన్లను కోసే ఎంజైములు అదుపు తప్పి సొంత కణాన్నే కోసేస్తాయి. పక్షవాతంలో నాడీకణాలు చనిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

చనిపోయిన కణాలు తిరిగి రావు. కాని చుట్టుపక్కల కొన ఊపిరితో ఉన్న కణాలకు రక్తం త్వరగా అందితే వాటి పంపులు మళ్లీ పనిచేస్తాయి. రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా 4½ గంటలలోపే ఇవ్వాలి. అందుచేత ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుల కోసం తిరగనివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఆ గంటలలో గడిచే ప్రతి నిమిషం కొన్ని నాడీకణాల ప్రాణం.