మందుల అరలో తీపి నీళ్లు

మా మెడికల్ షాపులో ఎండలు ముదిరాయంటే పదేపదే వినపడే మాట, "ఓఆర్‌ఎస్ ఉందా?" 2025 దాకా చాలా షాపుల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులుండేవి. ఒకటి, నీళ్లలో కలుపుకునే తెల్లపొడి ప్యాకెట్. రెండోది, స్ట్రా గుచ్చి తాగే పళ్లరుచి డబ్బా. రెండింటి మీదా అవే అక్షరాలు. నిజానికి మొదటిదే మందు. రెండోది తీపి పానీయం.

"డబ్బాదే ఇవ్వన్నా, పొడి ఉప్పగా ఉందని మావాడు ఉమ్మేస్తున్నాడు" అని తల్లులు అడిగేవారు. ఉప్పగా ఉండాలమ్మా, అదే మందు అని చెప్పేవాణ్ణి.

ఎందుకుండాలంటే, పేగు గోడ దాటేటప్పుడు సోడియం, గ్లూకోజు జంటగా వెళ్తాయి. వాటి వెంటే నీరూ ఒంట్లోకి చేరుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 అని లెక్క కట్టింది. చక్కెర బాగా ఎక్కువైతే అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి పట్టించారు. నూటికి ముప్పై వరకూ ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అంతటి పేరును పళ్లరుచి డబ్బా మీద ఎలా వేయనిచ్చారు?

కిటుకు చట్టంలో ఉంది. పొడి ప్యాకెట్ 1940 నాటి ఔషధాల చట్టం కిందికి వస్తుంది. డబ్బా 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికి వస్తుంది. ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. జులైకల్లా మెత్తబడి, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అన్న వాక్యం డబ్బా మీద వేస్తే చాలంది. ముందు పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని ఇంకోచోట కాదనడం ఏం రక్షణ? రాత్రి పది గంటలకు పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చిన తల్లి ఆ వాక్యం వెతికి చదువుతుందా?

ఇది కుదరదని ఏళ్ల తరబడి పోరాడింది హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్. వీడియోలు చేశారు, ఉత్తరాలు రాశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరికి 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ అనుమతి ఎత్తేసింది. ముందైనా వెనకైనా ఇంకో మాట తగిలించినా సరే, పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని ఉండకూడదంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. ఒక డాక్టరమ్మ పట్టుదల దేశం మొత్తం అరల్ని కదిలించిందంటే మందులమ్మే మనిషిగా నాకు గర్వంగా ఉంది. కానీ ఇది అధికారులు తమంతట తామే చేయాల్సిన పని.

కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, పద్నాలుగంకెల నంబరు ఉంటే అది ఆహారం. మందైతే తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం పొడి, గ్లాసు నీళ్లు అనే లెక్క వద్దు. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు వస్తాయి. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనాలవుతున్న పిల్లలకు డాక్టర్లు జింకు కూడా రాస్తారు, అది ఆపొద్దు.

పేరు మారినా డబ్బా ఇంకా మందుల షాపులోనే దొరుకుతుంది, "విరేచనాలకు" అని అడిగితే చేతికొస్తుంది. అలాంటి పానీయాల్ని మందుల అర నుంచి తీసి వేరే పెట్టించాలి. ఆహార లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలంటున్నాయి నిబంధనలు, తెలుగు కంపెనీ ఇష్టం. మన జిల్లాల్లో అమ్మే ప్రతి డబ్బా మీదా "ఇది విరేచనాలకు మందు కాదు" అని తెలుగులో, పేరు ఎంత పెద్దదైతే అంత పెద్దగా వేయించమని నేను అడుగుతున్నాను.