ఓడకు గల రక్ష మానవునకు లేదా?

బందరునకు పడమటగా నున్న ఘంటసాల నేడు వరిచేల నడుమ నొక గ్రామము. క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో యవన భూగోళజ్ఞుడు టాలెమీ పేర్కొనిన కొంటకొస్సిల యను వర్తకపు రేవు ఇదియేయని పండితుల నిర్ణయము. మహానావికుడైన శివకుని పేరును ఇచ్చటి ప్రాకృత శాసనమొకటి మనకు భద్రపరచి యిచ్చినది. రోమకులతో వర్తకము సాగిన ఆ కాలముననే సముద్రపు దొంగల భయమును కలదు. హిందూదేశమునకు వచ్చు ఓడలు విలుకాండ్రను వెంటబెట్టుకొని రావలసియుండెడిదని ప్లీనీ వ్రాసెను. రేవు ఒకరిది, సరకు వేరొకరిది, ఓడ మరియొకరిది. కావున ఓడదొంగ యెల్లరకును శత్రువే. దేశములు కలిసి నేరమును పట్టవలెనను ధర్మము ఇట్లు మొదట సముద్రముపై పుట్టినది.

ఆ ధర్మము 1982 నాటి సముద్రన్యాయ ఒడంబడికలో శాసనరూపము దాల్చియున్నది. నడిసముద్రమున దొంగఓడను ఏ రాజ్యమైనను పట్టుకొనవచ్చును. అయితే దాని వెంటనే, 106వ ప్రకరణమున, వేరొక సూత్రము కలదు. తగిన ఆధారము లేక, అనుమానము మాత్రముననే యొక ఓడను పట్టుకొన్నచో, ఆ ఓడ యే దేశమునకు చెందినదో ఆ దేశమునకు, కలిగిన నష్టమునకై, పట్టినవారు బాధ్యులగుదురు. పట్టు అధికారమును, తప్పుపట్టునకు జవాబుదారీయు ఒకచోటనే యున్నవి. ఈ రెంటిని విడదీయరాదని మేము నేడు పాఠకులకు మనవిచేయ దలచినాము.

ఉగ్రవాదము ఈ కాలపు ఓడదొంగతనము. దాని ధనము ఒక దేశమునుండి, ఆయుధము వేరొక దేశమునుండి వచ్చును. చచ్చువారు మరియొక దేశమున సంతకు పోయిన సామాన్యులు. ఒక్క దేశము దీనిని అణపజాలదు. అమెరికాపై దాడి జరిగిన కొలదిదినములకే, 2001 సెప్టెంబరు 28వ తేదీన, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1373వ తీర్మానముచే ఉగ్రవాదులకు ధనమును, ఆశ్రయమును నిరాకరింపవలసినదని సర్వరాజ్యములను శాసించెను. అందు మానవహక్కుల ప్రసక్తి మిక్కిలి స్వల్పము. ఆ కొరతను 2003లో 1456వ తీర్మానము కొంత తీర్చెను. 2006లో సర్వప్రతినిధి సభ ఆమోదించిన వ్యూహమున మానవహక్కుల రక్షణ నాలుగు స్తంభములలో నొకటియైనది. కాగితముపై సూత్రము సరిగానే యున్నది. ఆచరణ యెట్లున్నదో మన యింటనే చూచుకొందము.

2007 మే 18వ తేదీ శుక్రవారమున హైదరాబాదు మక్కామసీదులో ప్రార్థనాసమయమున బాంబు ప్రేలెను. అటుపిమ్మట జరిగిన పోలీసు కాల్పులలోను కొందరు మరణించిరి. ఆ యేడాదియే ఆగష్టు 25న లుంబినీ వనమునందును, గోకుల్ చాట్ నొద్దను జరిగిన ప్రేలుళ్లలో 40 మందికి పైగా అసువులు బాసిరి. పోలీసులు ముస్లిము యువకులను పదుల సంఖ్యలో పట్టిరి. తమ్ము హింసించిరని వారు మొరపెట్టిరి. న్యాయస్థానములు తుదకు వారిని నిర్దోషులనెను. జాతీయ మైనారిటీ సంఘపు సిఫారసుపై ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2012లో 70 మందికి పరిహారమిచ్చినది. 2013లో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. మసీదు కేసులో తరువాత నిందితులైన ఐదుగురిని 2018 ఏప్రిలు 16న ప్రత్యేక న్యాయస్థానము విడిచిపెట్టినది. ఫలితమేమి? చచ్చినవారి బంధువులకు దోషి యెవరో తెలియలేదు. చెరలో మ్రగ్గినవారికి పోయిన దినములు తిరిగి రాలేదు.

దీనితో దిల్‌సుఖ్‌నగరు కేసును పోల్చుడు. 2013 ఫిబ్రవరి 21న అచ్చట 18 మంది మడసిరి. ఆ యేడాది ఆగష్టులో ముఖ్య నిందితుడొకడు నేపాళపు సరిహద్దున చిక్కెను. బహిరంగ విచారణ జరిగి, సాక్ష్యము పరీక్షింపబడి, 2016లో ఐదుగురు దోషులని తేలిరి; 2025 ఏప్రిలులో తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. మరణశిక్ష తగునా యన్నది వేరు చర్చ. కాని ఓపికతో సాగిన విచారణ నిలుచుననియు, కనబడినవారినెల్ల పట్టుట నిలువదనియు ఈ రెండు కేసులే చాటుచున్నవి. అమాయకుని బంధించిన దినమున అసలు దోషి స్వేచ్ఛగా తిరుగుచుండును. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొన్నవానికి ఎలుకలును దక్కవు, ఇల్లును దక్కదు.

పౌరహక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశము 1979లో చేరినది. అక్రమముగా నిర్బంధింపబడినవాడు పరిహారమునకు హక్కుదారుడని అందు 9వ ప్రకరణము చెప్పుచున్నది. మన ప్రభుత్వము చేరునపుడే ఆ మాటకు మినహాయింపు వ్రాసికొన్నది. 1983లో రుదుల్ సాహ్ కేసునందును, 1993లో నీలబతి బెహరా కేసునందును సుప్రీముకోర్టు పరిహారమిప్పించి, ఆ మినహాయింపునకు మించిన న్యాయము చేసినది. తప్పుడు కేసులకు పరిహారమిచ్చుటకై శాసనము చేయవలసినదని 2018లో న్యాయసంఘము సిఫారసు చేసినది. సమగ్రమైన శాసనము నేటికిని రాలేదు. అనుమానముపై పట్టిన ఓడకు గల పాటి హక్కు, అనుమానముపై పట్టిన మానవునకు లేకపోవుట యే ధర్మము?

ఉగ్రవాదమను పేరు ఎవరి చేతిలో నెట్లు మారునో మన జాతికి స్వానుభవమున తెలిసిన విషయము. విచారణ లేని నిర్బంధమును రౌలటు చట్టము 1919లో మనపై రుద్దినది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు న్యాయస్థానము ముఖము చూడకయే కాల్చివేయబడెను. 1934లో మార్సేలు పట్టణమున యుగోస్లావియా రాజును, ఫ్రెంచి విదేశాంగమంత్రియు చంపబడిన పిదప, 1937లో జినీవాయందు నానాజాతి సమితి ఉగ్రవాద నిరోధక ఒడంబడికను సిద్ధపరచినది. రాజ్యమునకు వ్యతిరేకమైన కృత్యములే ఉగ్రవాదమని అందు నిర్వచనము. దానిని స్థిరపరచిన ప్రభుత్వము లోకమునంతటను ఒక్కటే: ఆంగ్లేయుల పాలనలోని భారత ప్రభుత్వము! ఆ ఒడంబడిక అమలునకు రాకయే పోయినది. స్వతంత్ర భారతము 1996లో ఐక్యరాజ్యసమితి ముందుంచిన సమగ్ర ఒడంబడికయు, నిర్వచనముపై తగవు తెగక, నేటికిని అంగీకారము పొందలేదు.

ఇట్టి హక్కుల మాటలు బాంబుకు బలియైనవాని భార్య కన్నీరు తుడుచునా యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. బ్రదుకు హక్కు హక్కులలో మొదటిది. దానిని కాపాడుట రాజ్యధర్మము. కాని దోషులను విదేశములనుండి రప్పింపవలెనన్న, ఆ దేశముల న్యాయస్థానములకు మనయెడ విశ్వాసము కలుగవలెను. 1995 డిసెంబరులో పురూలియాయందు విమానమునుండి ఆయుధములు జారవిడచిన కేసున నిందితుడైన డేనిష్ పౌరుని మన కొప్పగింప 2011లోను, మరల 2024లోను డెన్మార్కు న్యాయస్థానములు నిరాకరించినవి. చిత్రహింస జరుగునను భయమే కారణము. చిత్రహింస నిషేధ ఒడంబడికపై మన దేశము 1997లో చేవ్రాలు చేసియు నింతవరకు దానిని స్థిరపరచలేదు. అబూ సలేమును పోర్చుగల్లు 2005లో మన కప్పగించినది. మరణశిక్షగాని, 25 సంవత్సరములకు మించిన చెరగాని విధింపమని మనము మాటయిచ్చితిమి. ఆ మాట నిలుపవలసినదేయని 2022లో సుప్రీముకోర్టు పలికినది. మాట నిలుపుకొన్న దేశమునకే రేపు మరియొక దోషి చిక్కును. హక్కుల రక్షణ ఉగ్రవాదికి చేయు దయ కాదు. న్యాయము పొందుటకు దారి.

కాలువకు గండి పడినచో ఒక్క యూరి రైతు దానిని పూడ్చజాలడు; ఆయకట్టు ఊళ్లన్నియు కదలవలెను. ఐనను పొరుగువాని గట్టు త్రవ్వి మన గండి పూడ్చుట సహకారము కాదు. 2008లో బొంబాయిపై సముద్రమార్గమున దాడి జరిగిన పిదప మన తీరమందును కాపలా పెరిగినది. బెస్తవారికి గుర్తింపు చీటీలు వచ్చినవి. కాపలా అవసరమే. వేకువజామున వలతో బయలుదేరిన బెస్తవాడు ఆ కాపలాను తన రక్షకునిగా చూడగలిగిననాడే అది సార్థకము. కంచెయే చేను మేసినచో చెప్పుకొనుటకు చోటుండదు.

కావున మేము కోరునవి మూడు. చిత్రహింస నిషేధ ఒడంబడికను స్థిరపరచి తదనుగుణమైన శాసనము చేయవలెను. అక్రమముగా బంధింపబడినవారికి పరిహారమును చట్టబద్ధమైన హక్కు గావింపవలెను. రాజ్యములు కలిసి దోషిని వెదకునపుడు పట్టు అధికారముతో జవాబుదారీయు కలిసి నడువవలెను. శాసనసభ్యులును, న్యాయవాదులును, ఓటుగల ప్రతి పౌరుడును ఈ మూటిని గూర్చి తమ ప్రతినిధులను నిలదీయుదురు గాక.