హాస్టల్లో ఫ్లూ వస్తే...

ఒక గదిలో నలుగురు, అందరికీ ఒకే మెస్. అందుకే హాస్టల్లో ఒకరికి ఫ్లూ వస్తే త్వరగా మిగతావారికీ పాకుతుంది. వయసులో ఉన్నాం, మనకేం కాదనుకోకండి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ వృద్ధులకంటే పిల్లలకు, యువతకే ఎక్కువగా సోకింది.

ఫ్లూ మామూలు జలుబు కాదు. ఉన్నట్టుండి జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, నీరసం వస్తాయి. దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా, అవి అంటిన చేతుల ద్వారా వైరస్ వ్యాపిస్తుంది. జ్వరం రావడానికి ఒకరోజు ముందు నుంచే, వచ్చాక 5 నుంచి 7 రోజుల వరకు ఇతరులకు అంటుకోవచ్చు.

చాలామంది పారాసిటమాల్ వేసుకుని క్లాసుకు వెళ్లిపోతారు. ఆ మాత్ర జ్వరాన్ని దించుతుందే కాని వైరస్‌ను చంపదు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే క్లాసుకు వెళ్లండి. అంతవరకు విశ్రాంతి తీసుకోండి. గంజి, మజ్జిగ, కాచిన నీళ్లు బాగా తాగండి.

గదిలోని మిత్రులారా, భోజనం గదికే తెచ్చివ్వండి. కిటికీలు తెరిచి ఉంచండి. గ్లాసు, తువ్వాలు పంచుకోకండి. రోగి, మీరు మాస్కు కట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

యాంటీబయాటిక్స్ ఫ్లూ వైరస్‌పై పనిచేయవు. మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఆయాసం, ఛాతీనొప్పి, మగత, పెదవులు నీలంగా మారడం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం ప్రమాద సూచనలు. తెల్లారేదాకా ఆగకండి. వార్డెన్‌ను లేపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు మొదటిరోజే డాక్టరును కలవాలి. ఫ్లూ మందు 48 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి.