చార్మినార్ పక్కన కొట్లు... కంప్యూటర్లో కొట్లాట!

లాడ్‌బజార్‌కి గాజుల కోసం వెళ్లినవాళ్లెవరూ మొదటి దుకాణంలోనే పర్సు తీయరు. 'పక్క కొట్లో ఇంకా తక్కువకి ఇస్తానన్నాడు' అని ఒక్క మాట అంటే చాలు, ధర దిగొస్తుంది. కొట్లన్నీ పక్కపక్కనే ఉండటం కొనేవాళ్ల అదృష్టం. పాతబస్తీ కుర్రాళ్లు ఇప్పుడు కంప్యూటర్ ఆటల్నీ ఇలాగే నాలుగు చోట్ల చూసి కొనొచ్చు. కాకపోతే ఆ బజారు తెరమీద ఉంటుంది!

ఒకప్పుడు ఆట అంటే సీడీనే. 2003 సెప్టెంబరులో అమెరికాకి చెందిన వాల్వ్ కంపెనీ 'స్టీమ్'ని తెచ్చింది. మరుసటి ఏడాది 'హాఫ్ లైఫ్ 2' సీడీ కొన్నవాళ్లు సైతం స్టీమ్‌లో ఖాతా తెరవాల్సిందేనంది. తిట్టుకుంటూనే తెరిచారు. ఆ తర్వాత అదే పెద్ద బజారైంది. 2015 నుంచి ధరలు రూపాయల్లోనూ కనిపిస్తున్నాయి.

నూటికి 30... కాదు 12!

వంద రూపాయల ఆట అమ్మితే స్టీమ్ వాటా 30. 2018 డిసెంబరులో 'ఎపిక్' వచ్చి మాకు 12 చాలంది. దానికి కొద్దిరోజుల ముందే స్టీమ్ కూడా కాస్త తగ్గింది. కోటి డాలర్ల అమ్మకాలు దాటితే 25, అయిదు కోట్లు దాటితే 20 అంది. చిన్న ఆటలు చేసేవాళ్లకి మాత్రం పాత లెక్కే.

అంతటితో ఆగలేదు ఎపిక్. ఉచితంగా ఆటలు పంచింది. 2019 సెప్టెంబరు నాటికి 38 ఆటల కోసం కోటీ 16 లక్షల డాలర్లు ఖర్చుపెట్టినట్లు తర్వాత కోర్టు పత్రాల్లో బయటపడింది. మరోపక్క 'మెట్రో ఎక్సోడస్'ని ఏడాదిపాటు స్టీమ్‌లో దొరక్కుండా చేసింది. నచ్చిన డిజైను గాజులు ఒకే కొట్లో ఉంటే ఇక బేరమెక్కడ?

కొన్నాక ఎవరిది?

అసలు చిక్కు వేరే ఉంది. సీడీ అయితే ఆడేశాక తమ్ముడికిచ్చేయొచ్చు, జుమ్మెరాత్ బజార్లో అమ్మేయొచ్చు. తెరమీద కొన్నది అలా కాదు. మనం కొనేది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. కాలిఫోర్నియా చట్టం 2025లో అమల్లోకి వస్తుందనగా, 2024 అక్టోబరు నుంచే స్టీమ్ ఆ ముక్కని డబ్బు కట్టే పేజీలో చెబుతోంది. ఇంట్లో ఆరుగురి వరకూ ఆటలు పంచుకునే వీలుంది కానీ, ఖాతాని మరొకరి పేరున రాసివ్వడం కుదరదు. 2008లో మొదలైన 'జీఓజీ'లో ఆట ఫైళ్లని దించుకుని దాచుకోవచ్చు. నెట్ లేకున్నా మళ్లీ ఎక్కించుకోవచ్చు.

కాబట్టి డిస్కౌంటు ఎంత అన్నదానితోపాటు 'ఇది నాదేనా?' అనీ అడగాలి. గాజులైతే... పగిలేదాకా మనవే!