ఎదుటివాడికే మొదటి మాట

పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్‌ను సొంత అన్నలే దారికాచి ఎత్తుకుపోయారు. కొడుకు మఠంలో చేరడం ఇంట్లోవాళ్లకి ఇష్టంలేక కాదు. ఐదేళ్ల వయసులో తీసుకెళ్లి ఇటలీలోని మోంటే కాసినో మఠంలో పెట్టింది వాళ్లే. భూములూ పలుకుబడీ ఉన్న ఆ మఠానికి ఎప్పటికైనా అధిపతి అవుతాడని వాళ్ల ఆశ. 1244లో ఆయన వెళ్లి చేరిందేమో బిచ్చమెత్తి బతికే డొమినికన్ సభలో! పరువు పోయిందనుకున్న ఆ జమీందారీ కుటుంబం ఆయన్ని ఏడాదిపాటు కోటలోనే ఉంచేసింది. మనసు మారలేదు. చివరికి వదిలేశారు.

భారీ మనిషి, మితభాషి. తోటి విద్యార్థులు ‘మూగ ఎద్దు’ అని పేరు పెట్టారు. ఈ ఎద్దు రంకె లోకమంతా వినబడుతుందని గురువు ఆల్బర్ట్ అన్నారట.

చేతిరాత మాత్రం ఘోరం. ఆయన స్వహస్తంతో రాసినవి కొన్ని నేటికీ మిగిలాయి. కోడి కెలికినట్టుండే ఆ గీతల్ని చదవడమే పండితుల్లో ఒక ప్రత్యేక విద్య. అందుకేనేమో, ఎక్కువగా చెప్పి రాయించేవారు. ఒకేసారి ముగ్గురు నలుగురు లేఖకులకు వేర్వేరు విషయాలు చెప్పేవారని ఆయన్ని ఎరిగినవాళ్ల సాక్ష్యం.

ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ విందులో అందరూ కబుర్లలో ఉండగా, మంచికీ చెడుకూ వేర్వేరు మూలాలున్నాయనే మానికేయుల వాదానికి సమాధానం దొరికిందంటూ బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచారట. రాజు కోప్పడలేదు, లేఖకుణ్ణి పిలిపించాడు.

ఆయన పెద్ద గ్రంథం ‘సుమ్మా థియోలోజియే’. అందులో 512 ప్రశ్నలు. ప్రతి అంశంలోనూ మొదటి మాట ప్రత్యర్థిదే. పూర్వపక్షమంతా అయ్యాకే సిద్ధాంతం, ఆపైన ఒక్కో ఆక్షేపణకూ జవాబు. పారిస్ విశ్వవిద్యాలయంలో అప్పటి వాదాల పద్ధతే అది. దాన్ని ఆయనంత నిజాయితీగా వాడినవాళ్లు తక్కువ. దేవుడున్నాడా అన్నచోట ఆయన ఎదుర్కొన్న ఆక్షేపణలు రెండే: లోకంలో ఇంత చెడు ఉందే? ప్రకృతీ మనిషీ చాలవా, అన్నింటికీ కారణం చెప్పడానికి? ఏ నాస్తికుడైనా ఇంతకన్నా పొట్టిగా, గట్టిగా చెప్పగలడా అని నాకు అనుమానం.

తనవైపు వాదమైనా బలహీనమైతే ఒప్పుకోలేదు. దేవుడనే భావన నుంచే దేవుడున్నాడని నిరూపించవచ్చన్న పూర్వపు క్రైస్తవ పండితుడు ఆన్సెల్మ్ తర్కాన్ని తోసిపుచ్చారు. లోకానికి ఆది ఉందన్నది విశ్వాసంతో నమ్మాల్సిందే తప్ప తర్కంతో తేలేది కాదన్నారు. ముస్లిం తత్వవేత్తలు అవిసెన్నా, అవెరోస్‌లతోనూ, యూదు పండితుడు మైమోనిడెస్‌తోనూ తన గ్రంథాల్లో గౌరవంగానే వాదించారు.

గుండుసూది మొన మీద ఎందరు దేవదూతలు నాట్యమాడగలరు? ఈ ప్రశ్న ఆయన పుస్తకాల్లో ఎక్కడా లేదు. మధ్యయుగ పండితుల్ని వెక్కిరించడానికి తర్వాతివాళ్లు కల్పించింది.

ప్రాణం పోయేంత అవసరంలో పరాయి సొత్తు తీసుకుంటే అది దొంగతనం కాదన్నది ఆయన తీర్పు. దుఃఖానికి మందులేమిటన్న చర్చలో కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యచింతనలతోపాటు నిద్రనూ స్నానాన్నీ చేర్చారు. వేదాంత గ్రంథంలో స్నానం!

1273 డిసెంబరు 6న నేపుల్స్‌లో పూజ చేస్తుండగా ఏం జరిగిందో గానీ, ఆ తర్వాత కలం ముట్టలేదు. తనకు కనబడినదాని ముందు రాసిందంతా గడ్డిపరక అన్నారట. ‘సుమ్మా’ సగంలో ఆగింది. మరుసటేడు మార్చి 7న, లియోన్‌లో జరిగే చర్చి మహాసభకు వెళ్తూ దారిలో ఫోసనోవా మఠంలో కన్నుమూశారు. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన, పారిస్ బిషప్పు 219 ప్రతిపాదనలను నిషేధించాడు. వాటిలో కొన్ని అక్వినాస్ అభిప్రాయాలకూ తగిలేవే. 1323లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. రెండేళ్లకు, ఆయనకు సంబంధించినంతవరకు, పారిస్ తన నిషేధాన్ని ఎత్తేసింది.

కంప్యూటర్‌తో సాహిత్య పరిశోధనకు తొలి బాటల్లో ఒకటి కూడా ఈయన రాతల మీదుగానే సాగింది. పరిశోధన కోసం పదివేల చీటీలు చేత్తో రాసి అలసిన రొబెర్తో బూసా అనే జెసూట్ గురువు 1949లో ఐబీఎం తలుపు తట్టాడు. పంచ్ కార్డులతో మొదలైన అక్వినాస్ పదసూచిక ముప్పై ఏళ్లకు 56 సంపుటాలైంది.