ఇంట్లో ఉండే తల్లి, పనికి వెళ్లే తల్లి: ఎవరి భారం ఎంత?

"ఇంట్లో ఉండే ఆడదానికి ఏం కష్టం?" "పిల్లల్ని వదిలేసి పనికి వెళ్లాల్సిన అవసరమేముంది?" మన మొహల్లాల్లో ఈ రెండు మాటలూ తరచూ వింటుంటాం. ఇద్దరి కష్టాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మన సాయం ఎక్కడికి, ఏ రూపంలో చేరాలో తెలుస్తుంది.

ముందుగా ఇంట్లో ఉండే తల్లి సంగతి చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులకు స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనుల్లో చేయి వేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలే. పిల్లల, వృద్ధుల సంరక్షణ దీనికి అదనం. జీతం లేదు కనుక ఈ శ్రమకు విలువ లేదనుకుంటాం. కానీ జంషెడ్‌పూర్ అగ్నిప్రమాద బాధితుల కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3000 రూపాయలు విలువ కట్టింది. బతికి ఉన్నంతకాలం ఆ లెక్క ఎవరూ వేయరు. తన మందులకు కూడా ఆమె చేయి చాచాల్సిందే. భర్త మరణిస్తేనో, విడిచిపెడితేనో ఆమె చేతిలో పొదుపూ ఉండదు, పని అనుభవమూ ఉండదు.

పనికి వెళ్లే తల్లికి చేతిలో నాలుగు రూపాయలు ఉంటాయి గాని సమయం ఉండదు. ఇంటి చాకిరీ ఉదయం, రాత్రి ఆమె కోసం కాచుకునే ఉంటుంది. 2017 చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. అయితే ఇళ్లలో పాచిపని చేసే తల్లికి, నలుగురు కూర్చుని కుట్టే చిన్న దుకాణంలోని తల్లికి ఇవేవీ అందవు. పసిబిడ్డను చూసుకోవడానికి చాలా ఇళ్లలో పెద్దమ్మాయి బడి మానేస్తుంది. తల్లి సంపాదన కోసం కూతురి చదువు పోతుంది.

ఈ రెండు లెక్కల్లోనూ సరిగా ఇమడని తల్లులు మన మధ్య ఎందరో ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టేవారు, హైదరాబాద్ పాతబస్తీలో జర్దోజీ పని, లక్క గాజుల పని చేసేవారు ఇంట్లోనే ఉంటూ కూలి సంపాదిస్తారు. వెయ్యి బీడీలకు ఇంత, ఒక్కో జాకెట్టుకు ఇంత అని లెక్క. ఒళ్లో బిడ్డ ఉంటుంది, ముందు పొగాకు చేట ఉంటుంది. సహాయం కోరే దరఖాస్తులో 'వృత్తి' అన్న చోట మాత్రం 'గృహిణి' అనే రాస్తారు. ఇంటి చాకిరీ, కూలి పని రెండూ వారివే. ఏ లెక్కలోనూ వారు కనిపించరు.

ఈ విషయంలో మనకు ఆదర్శాలు లేకపోలేదు. హజ్రత్ ఖదీజా (రజి) పేరున్న వర్తకురాలు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇంటి పోషణ భర్త బాధ్యత; భార్య సంపాదన ఆమె సొత్తు. దీన్ని పాటించే ఇంట్లో ఇద్దరు తల్లుల భారమూ తగ్గుతుంది.

దాతలైన మీకు మా విన్నపం ఇది. కుట్టు మిషను ఇవ్వడం మంచిదే, కానీ దాని ముందు కూర్చునే రెండు గంటలు ఆ తల్లికి దొరకాలి. పిల్లలు బడిలో ఉండే వేళల్లోనే శిక్షణ తరగతులు పెట్టాలి. మొహల్లాకు ఒక గదైనా అద్దెకు తీసుకుని, ఒక పెద్దావిడకు జీతమిచ్చి, పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు చేయవచ్చు. దానివల్ల తల్లి పనీ సాగుతుంది, పెద్దమ్మాయి బడీ సాగుతుంది. మీ సదఖా సొమ్ములో కొంత భాగం ఇటు మళ్లించండి. దరఖాస్తులు పరిశీలించేటప్పుడు 'వృత్తి' చూసి వదిలేయకుండా, 'మీ రోజు ఎలా గడుస్తుంది?' అని ప్రతి తల్లినీ అడుగుదాం.